హైదరాబాద్ ఐసీయూ అనుభవంతో అమెరికాలో నర్స్ అనస్థీషియా సీటు వస్తుందా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి బీఎస్సీ నర్సింగ్ 68 శాతం మార్కులతో పాసై, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు పనిచేసింది. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాయవలసిన ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి, ఏజెన్సీ ద్వారా గ్రీన్‌కార్డు మీద టెక్సస్ వెళ్లి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అక్కడ జనరల్ వార్డులో ఉంది. మత్తు ఇచ్చే నర్సు కోర్సు చదువుతానని పట్టుబడుతోంది. ఇక్కడి నాలుగేళ్ల అనుభవం సరిపోదా? ముందు ఎమ్మెస్సీ చేయాలా? మా చిన్నమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీలో చేరితే తనూ అదే ఉద్యోగానికి వెళ్లవచ్చని ఒక కాలేజీవారు చెబుతున్నారు. నిజమేనా? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మన దేశంలో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేది ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరే కాబట్టి, నర్సు మత్తు ఇవ్వడమేమిటన్న సందేహం మీకు కలగడం సహజం. అమెరికాలో మాత్రం పందొమ్మిదో శతాబ్దం నుంచీ నర్సులు ఈ పని చేస్తున్నారు, ఈనాటికీ అనేక గ్రామీణ ఆసుపత్రుల్లో మత్తు ఇవ్వడానికి ఉండేది వారే. ఈ ఉద్యోగాన్ని సర్టిఫైడ్ రిజిస్టర్డ్ నర్స్ అనస్థటిస్ట్, క్లుప్తంగా సీఆర్‌ఎన్‌ఏ, అంటారు. ఏడాదికి రెండు లక్షల డాలర్లకు పైబడిన జీతం ఉండడం వల్ల పోటీ తీవ్రంగా ఉంటుంది, మీ అమ్మాయి పట్టుదలకు కారణం కూడా అర్థమవుతూనే ఉంది.

ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ, అంటే కౌన్సిల్ ఆన్ అక్రెడిటేషన్, ప్రవేశానికి పెట్టిన కనీస షరతులు చూడడానికి తేలికగానే ఉంటాయి. నర్సింగ్‌లో గాని తగిన మరో సబ్జెక్టులో గాని బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. ఏ క్రమశిక్షణ చర్యా లేని అమెరికా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు ఉండాలి. క్రిటికల్ కేర్‌లో కనీసం ఏడాదిపాటు పూర్తికాలం పనిచేసి ఉండాలి. మొదటి రెండూ మీ అమ్మాయికి ఉన్నాయి. చిక్కంతా మూడోదానిలో ఉంది. ఆ అనుభవం అమెరికాలోనో, దాని అధీన ప్రాంతాల్లోనో, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రుల్లోనో సంపాదించినదై ఉండాలని ఆ సంస్థ నిర్వచనంలోనే రాసి ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో ఆమె నాలుగేళ్లు వెంటిలేటర్ల మధ్య నిలబడి చేసిన సేవను అక్కడి కాలేజీ ఆ ఏడాది అనుభవం లెక్కలో ఒక్క రోజుగానైనా కలపదు. గల్ఫ్‌లో పదేళ్లు చేసి వచ్చిన నర్సులకూ ఇదే పరిస్థితి. ఈ మాట ఏజెన్సీలు ముందుగా చెప్పకపోవడం వల్ల ఎంతోమంది అక్కడికి వెళ్లాక తెల్లబోతున్నారు.

అలాగని ఆ నాలుగేళ్లు వృథా పోయాయని అనుకోవద్దు. కాలేజీ సీటుకు పనికిరాని ఆ అనుభవమే అక్కడ ఐసీయూ ఉద్యోగం సంపాదించడానికి అన్నిటికన్నా పెద్ద ఆధారం. ఇప్పుడున్న జనరల్ వార్డులో ఎన్నేళ్లు పనిచేసినా షరతు తీరదు కాబట్టి, అదే ఆసుపత్రిలో ఐసీయూకి మారేందుకు ఆమె అంతర్గత బదిలీకి వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ ఐసీయూ అన్నది కూడా ముఖ్యమే. ఆర్టీరియల్ లైన్లు (రక్తపోటును క్షణక్షణం చూపేందుకు ధమనిలో పెట్టే గొట్టాలు), వెంటిలేటర్లు, రక్తపోటు నిలబెట్టే మందుల డ్రిప్పులు రోజూ చేతిమీదుగా నడిచే చోట పని దొరకాలి. గుండె ఆపరేషన్ల ఐసీయూ, సర్జికల్ ఐసీయూ అయితే మరీ మంచిది, పెద్ద ఆసుపత్రిలోని మెడికల్ ఐసీయూ కూడా పనికొస్తుంది. ఎమర్జెన్సీ విభాగం అనుభవాన్ని కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, చాలా కాలేజీలు ఒప్పుకోవు. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. ఏడాది తిరగగానే కోర్సుకు వెళ్లిపోతానని చేరిన మొదటి వారంలోనే వార్డంతా చాటుకుంటే, ఆమెకు పని నేర్పడానికి మేనేజరుకు మనసు రాదు. రేపు సిఫారసు లేఖ రాయవలసినది ఆ మేనేజరే.

కనీసం ఏడాది అని నియమం చెప్పినా, సీటు సంపాదించేవారిలో ఎక్కువమందికి రెండు మూడేళ్ల అనుభవం ఉంటుంది. దానికి కారణం ఇంటర్వ్యూలో తెలిసిపోతుంది. వారు అడిగే ప్రశ్నలు సాధారణంగా ఇలా సాగుతాయి: ఆపరేషనై వచ్చిన రోగికి ఆర్టీరియల్ లైన్‌లో రక్తపోటు 78/40 చూపిస్తోంది, సగటు పీడనం ఎంత? పై అంకెకు కింది అంకెను రెండుసార్లు కలిపి మూడుతో భాగించి 53 దగ్గర ఉందని ఆమె అక్కడికక్కడే చెప్పగలగాలి. అక్కడితో వదలరు. రక్తపోటు పెంచే నార్‌ఎపినెఫ్రిన్ మొదలుపెడతావా, ముందు సెలైన్ ఇస్తావా, ఆ మందు ఏ రిసెప్టర్ మీద పనిచేస్తుంది, గుండె బలహీనంగా ఉన్న రోగి అయితే నీ నిర్ణయం మారుతుందా అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూ పోతారు. డాక్టరు రాసిన మోతాదు ప్రకారం డ్రిప్ పెట్టడం మాత్రమే అలవాటైన నర్సు రెండో ప్రశ్నకే ఆగిపోతుంది. ప్రతి డ్యూటీలోనూ ఈ మందు ఎందుకిచ్చారని తనను తాను ప్రశ్నించుకుని, ఇంటికి వచ్చి పుస్తకం తెరిచిన నర్సుకు మాత్రం ఇది పరీక్షలా అనిపించదు.

ఈ తయారీకి, క్రిటికల్ కేర్ నర్సులకు పెట్టే సీసీఆర్ఎన్ అనే సర్టిఫికెట్ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది. చాలా కాలేజీలు దానిని తప్పనిసరి చేశాయి, తప్పనిసరి కాని చోట కూడా అది లేని దరఖాస్తు వెనుకబడిపోతుంది. ఆ పరీక్ష రాయాలంటే గడిచిన రెండేళ్లలో తీవ్ర అనారోగ్యంతో ఉన్న రోగులకు నేరుగా సేవ చేసిన గంటలు 1,750 ఉండాలి, అందులో 875 గంటలు చివరి ఏడాదిలోవి కావాలి. వారానికి 36 గంటల డ్యూటీ చేసే నర్సుకు సుమారు 49 వారాల్లో ఆ గంటలు పూర్తవుతాయి. అంటే ఐసీయూలో చేరిన ఏడాదికి ఆమె పరీక్ష రాసుకోవచ్చు.

ఇక మార్కుల విషయం. మన 68 శాతాన్ని అక్కడి కాలేజీలు నేరుగా చూడవు. గుర్తింపు పొందిన మదింపు సంస్థ ద్వారా ఒక్కొక్క సబ్జెక్టునూ వారి గ్రేడుల్లోకి మార్పించుకోవాలి. నాలుగుకు కనీసం 3.0 అడగడం మామూలే అయినా, పోటీ మాత్రం అంతకంటే పైన జరుగుతుంది. సైన్సు సబ్జెక్టుల సగటును చాలాచోట్ల విడిగా లెక్కిస్తారు. మన బీఎస్సీ నర్సింగ్ వారికి దెబ్బ తగిలేది ఇక్కడే. మన సిలబస్‌లో బయోకెమిస్ట్రీని న్యూట్రిషన్‌తోనూ, స్టాటిస్టిక్స్‌ను రీసెర్చ్‌తోనూ కలిపి చెబుతారు, ఆర్గానిక్ కెమిస్ట్రీ అసలే ఉండదు. అక్కడివారు ఈ సబ్జెక్టులను విడివిడి క్రెడిట్లతో చూపమంటారు, పైగా అవి గత అయిదు నుంచి పదేళ్లలోపు చదివినవై ఉండాలని పట్టుబట్టే కాలేజీలు ఉన్నాయి. అందుకని టెక్సస్‌లోనే ఏదైనా కమ్యూనిటీ కాలేజీలో కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ ఒక్కొక్క సెమిస్టర్‌కు ఒకటి చొప్పున తీసుకుని ‘ఎ’ గ్రేడు తెచ్చుకోమనండి. డ్యూటీ చేస్తూ కూడా సైన్సు చదవగలదని అక్కడి నుంచి వచ్చిన ఆ గ్రేడే రుజువు చేస్తుంది.

ఎమ్మెస్సీ అవసరం లేదు. 2022 జనవరి నుంచి ఈ కోర్సులో కొత్తగా చేరేవారందరూ డాక్టరేట్ స్థాయిలోనే చేరుతున్నారు, బ్యాచిలర్ డిగ్రీతో నేరుగా అందులోకి వెళ్లవచ్చు. కోర్సు మూడేళ్లు ఉంటుంది. ఆ కాలంలో కనీసం 2,000 క్లినికల్ గంటలు, 600 కేసులు పూర్తిచేసి, చివర జాతీయ సర్టిఫికెట్ పరీక్ష పాస్ కావాలి. ఈ పని భారం వల్ల ఉద్యోగం చేస్తూ చదవడం దాదాపు అసాధ్యం, కొన్ని కాలేజీలు ఉద్యోగాన్ని నిషేధిస్తాయి కూడా. మూడేళ్లపాటు జీతం ఉండదు, ఫీజు మాత్రం కట్టాలి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ప్రభుత్వ విద్యారుణానికి ఆమె అర్హురాలే. కాని పూర్తి ఖర్చుకు సరిపడా అప్పిచ్చే గ్రాడ్ ప్లస్ పథకాన్ని 2026 జూలై 1 నుంచి కొత్తవారికి ఆపివేస్తూ 2025లో చట్టం వచ్చింది. ఇకమీదట రుణానికి పరిమితి ఉంటుంది కనుక ఆమె ఇప్పటినుంచే సొంత పొదుపు మొదలుపెట్టడం మంచిది.

ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందపత్రాన్ని కూడా ఒకసారి తీసి చదవమనండి. ఇలాంటి ఒప్పందాలు సాధారణంగా రెండు మూడేళ్లకు ఉంటాయి, మధ్యలో మానేస్తే పరిహారం కట్టవలసి వస్తుంది. వార్డు మారడానికి ఏజెన్సీ అనుమతి కావాలన్న షరతు ఉన్నదీ లేనిదీ అందులోనే తేలుతుంది. ఆ షరతు లేకపోతే ఒప్పందకాలం ఆమెకు అడ్డంకి కాదు. ఈ ఏడాది ఐసీయూకి మారి, వచ్చే ఏడాది సీసీఆర్ఎన్ రాసి, ఒప్పందం ముగిసే నాటికి సీటు చేతిలో ఉండేలా చూసుకోవచ్చు. దరఖాస్తులు చాలాచోట్ల కోర్సు మొదలయ్యే ముందు ఏడాదే తీసుకుంటారు. ఈలోగా ఒక సీఆర్‌ఎన్‌ఏ వెంట ఆపరేషన్ థియేటర్లో రెండు మూడు రోజులు ఉండి పని గమనించాలి. దీనిని కాలేజీలు అడుగుతాయి. అడగకపోయినా, ఉదయం ఏడు గంటలకు మొదలయ్యే కేసుకు తెల్లవారకముందే వెళ్లి మత్తు మిషన్ సరిచూసుకునే జీవితం తనకు నచ్చుతుందో లేదో మూడేళ్ల ఫీజు కట్టకముందే తెలుసుకోవడం మేలు.

చిన్నమ్మాయి విషయంలో ఆ కాలేజీవారి మాట నమ్మకండి. బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ మంచి కోర్సే, మన ఆసుపత్రుల థియేటర్లలో ఉద్యోగాలు ఉన్నాయి. అయితే అది మత్తు డాక్టరుకు సహాయం చేసే టెక్నీషియన్ చదువే గాని నర్సింగ్ కాదు. ఆ డిగ్రీతో నర్సుగా రిజిస్టర్ కాలేరు, రిజిస్టర్ కానివారికి ఎన్‌క్లెక్స్ రాసే వీలుండదు, అది లేకుండా అక్క దారిలో మొదటి అడుగు కూడా పడదు. తనకూ అదే కోరిక నిజంగా ఉంటే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లోనే చేర్చండి.

మీరు ఏలూరులో ఉండి చేయగల పని ఒకటుంది. మదింపు సంస్థలు మార్కుల జాబితాలను విద్యార్థి చేతి నుంచి తీసుకోవు, కాలేజీ లేదా విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వెళ్లాలి. పెద్దమ్మాయి కాలేజీకి ఒకసారి వెళ్లి, ఒక్కొక్క సబ్జెక్టుకు థియరీ ఎన్ని గంటలో, ప్రాక్టికల్ ఎన్ని గంటలో విడివిడిగా రాయించిన ట్రాన్స్‌క్రిప్టుకు, సిలబస్ ప్రతికి దరఖాస్తు పెట్టండి. బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ గంటలను వేరుగా చూపమని ప్రిన్సిపాల్‌ను ప్రత్యేకంగా అడగండి. అలా రాసి ఇస్తే ఆమె అక్కడ మళ్లీ చదవవలసిన సబ్జెక్టుల్లో ఒకటైనా తగ్గే అవకాశం ఉంది.