చిన్నాకి, నీ రెండు కాన్యూర్ చిలుకల గురించి

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు నాలుగైదు సార్లు చూశాను. రెండు పిట్టలూ ఆరోగ్యంగా ఉన్నాయి, కళ్లు చురుగ్గా ఉన్నాయి. ముందు అందుకు సంతోషం. కానీ అమ్మినవాళ్లు చెప్పిన పేర్లు రెండూ నాకు కుదరడం లేదు. గూడుపెట్టె పెట్టేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

మొదటిదాన్ని "పైనాపిల్ స్ప్లిట్, ఆడది, డీఎన్‌ఏ టెస్ట్ కూడా అయింది" అని ఇచ్చారన్నావు. స్ప్లిట్ అంటే ఒక రంగు జన్యువును లోపల దాచుకుని పైకి మామూలుగా కనిపించే పిట్ట. ఆ టెస్ట్ నిజమై అది ఆడదే అయితే స్ప్లిట్ అయ్యే వీలే లేదు. పైనాపిల్ ఒక్క మ్యుటేషన్, అంటే రంగు మార్చే ఒక్క జన్యు మార్పు కాదు. సినమన్, ఎల్లో సైడెడ్ అనే రెండు మ్యుటేషన్లూ గ్రీన్ చీక్ అనే కాన్యూర్ జాతిలో, ఒకే పిట్టలో కలిస్తే వచ్చే రంగు. ఆ రెండు జన్యువులూ ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీదే ఉంటాయి. పక్షుల్లో మగదానికి జెడ్‌లు రెండు, ఆడదానికి ఒక్కటే. ఆ ఒక్కదాని మీద మ్యుటేషన్ ఉంటే రంగులో కనిపించి తీరుతుంది, కనిపించలేదంటే లేనట్టే. లోపల దాచుకుని పైకి మామూలుగా కనిపించేది మగపిట్ట మాత్రమే. పైనాపిల్ మగదాన్ని మామూలు ఆడదానితో జత కడితే ఆడపిల్లలన్నీ పైనాపిల్ అవుతాయి, మగపిల్లలన్నీ మామూలు రంగులో ఉండి స్ప్లిట్ అవుతాయి. తిరగేస్తే, అంటే ఆడది పైనాపిల్, మగది మామూలుదైతే, పిల్లల్లో ఒక్క పైనాపిల్ కూడా కనబడదు. టర్కాయిస్ అనే ఇంకో రంగు మ్యుటేషన్ లెక్క వేరు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి, అందులో ఆడపిట్ట కూడా స్ప్లిట్ కావచ్చు. "స్ప్లిట్ పైనాపిల్ ఆడది" అని ఎవరు ధర పెంచినా నమ్మకు.

కంటితో గుర్తుపట్టాలంటే రెక్క విప్పి చూడు. మామూలు గ్రీన్ చీక్ పొడవాటి రెక్క ఈకల్లో ముదురు నీలం ఉంటుంది, కాళ్లు బూడిదరంగు. సినమన్‌లో ఆ నీలం గోధుమ బూడిదలోకి పాలిపోతుంది, కాళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి, తల లేత గోధుమరంగు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో సినమన్ పిల్ల కళ్లు ఎర్రగా కనిపిస్తాయి, కొన్నాళ్లకే నల్లబడతాయి. అందుకే మొదటి వారంలోనే చూసి రాసిపెట్టుకోవాలి. ఎల్లో సైడెడ్ ఒక్కటే ఉంటే తల ముదురుగానే ఉండి, ఛాతీ పక్కల పసుపు తేలుతుంది. ఎక్కడో ఒకటి రెండు పసుపు ఈకలు కనబడితే మాత్రం మ్యుటేషన్ అనుకోవద్దు. తిండి లోపం వల్లో, లివర్ బాగాలేకో, ఈక పీకేసిన చోటో అలా రావచ్చు. తిండి సరిచేసి, డాక్టర్‌కు చూపించి, ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఆగు.

ఇక రెండోది, గ్రీన్ చీక్ అని ఇచ్చినది. నాకు అసలు టెన్షన్ దానితోనే. భుజం దగ్గర, రెక్క అంచున ఎర్రటి ఈకలు నాలుగున్నాయి, చూశావా? గ్రీన్ చీక్‌కు అక్కడ ఎరుపు ఉండదు. అది బ్లాక్ క్యాప్ అనే ఇంకో కాన్యూర్ జాతిది. బ్లాక్ క్యాప్‌కు తోక పైన ఆకుపచ్చ, మెడ కింద వెడల్పాటి తెల్లటి పొలుసులు. గ్రీన్ చీక్‌కు తోక దాదాపు మొత్తం మెరూన్, పొలుసులు సన్నం. నీ పిట్ట తోక మొదట్లో ఆకుపచ్చ, చివర మెరూన్ కనబడుతోంది. మెరూన్ బెల్లీడ్ కాన్యూర్ తోక కూడా ఇలాగే ఉంటుంది, కానీ దానికి ముక్కు మీద సన్నటి ఎర్ర గీత ఉంటుంది, నీ దానికి లేదు. నా లెక్కన ఇది గ్రీన్ చీక్, బ్లాక్ క్యాప్ కలిసిన హైబ్రిడ్.

నేనూ ఇలాగే ఒకసారి అమ్మినవాళ్ల మాట మీద జత కట్టాను. మూడు పిల్లల్ని గ్రీన్ చీక్ అని ఇచ్చేశాక, నా దగ్గర మిగిలిన పిల్లకు రెక్క అంచున ఎరుపు వచ్చింది. ఆ మూడిళ్లకూ ఫోన్ చేసి నిజం చెప్పాను. ఇద్దరు అర్థం చేసుకున్నారు. మూడో ఆయన పిల్ల అప్పటికే చేతులు మారిపోయింది, ఎక్కడుందో తెలియలేదు. దాని పిల్లలు ఎవరి ఇంట్లో ఏ పేరుతో పెరుగుతున్నాయోనని ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

ఈ హైబ్రిడ్‌ను ప్రేమగా పెంచుకో, ఆటకు, తోడుకు దానికేం తక్కువ లేదు. పిల్లలు మాత్రం తీయించకు.

మీ నాన్న సన్ కాన్యూర్ అడుగుతున్నాడన్నావు. దాని పిల్లలు చిన్నప్పుడు చాలావరకు ఆకుపచ్చగానే ఉంటాయి, పసుపు నిండడానికి రెండేళ్లు పట్టొచ్చు. జెండే కాన్యూర్‌కైతే వీపు, రెక్కలు జీవితాంతం ఆకుపచ్చే. రెండూ కలిసిన హైబ్రిడ్లు సంతలో బోలెడు, అందుకే పిల్లను కాదు, తల్లిదండ్రులను చూపించమని అడగమను.

ఇంకొకటి. 2024 నిబంధనల ప్రకారం వీటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, అందులో జాతి పేరు అడుగుతారు. హైబ్రిడ్‌ను గ్రీన్ చీక్ అని రాసేయకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఆదివారం పొద్దున్నే నీడపట్టున, ఫిల్టర్ లేకుండా, తెల్ల కాగితం మీద రెండో పిట్ట తోక ఈకలు విప్పి ఫొటో పంపు. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి. పిట్టను గట్టిగా పట్టుకోకు, మీ అమ్మను సాయం పట్టమను.

మీ అత్తయ్య