స్టెంట్ వేశాక క్లోపిడోగ్రెల్ సొంతంగా మానేస్తే?

ప్రశ్న: నా వయసు 54. ఐదు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. మొన్నటి రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 62 వచ్చింది. కొలెస్ట్రాల్ మాత్ర ఇక ఆపేయవచ్చా? కడుపులో మంటగా ఉంటోందని పది రోజులుగా క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర) వేసుకోవడం లేదు, యాస్పిరిన్ మాత్రం వాడుతున్నాను. ఈమధ్య మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తోంది.
- ఒక పాఠకుడు

జవాబు: కొలెస్ట్రాల్ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన రెండు విషయాలే నాకు ఆందోళన కలిగిస్తున్నాయి. ఇవాళే మీ కార్డియాలజిస్టును కలవండి. ఆయన దొరక్కపోతే ఏదైనా ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) అవసరం కావచ్చు. ఆయాసానికి వేరే కారణం ఉండొచ్చు కానీ, మిమ్మల్ని చూడకుండా ఆ మాట నేను చెప్పలేను.

స్టెంట్ అంటే లోహపు జాలీ. రక్తనాళం లోపలి పొర దాన్ని పూర్తిగా కప్పేలోగా ప్లేట్‌లెట్లు అక్కడ చేరి గడ్డ కట్టొచ్చు. మందు పూసిన స్టెంట్లలో ఆ పొర ఇంకా నెమ్మదిగా ఏర్పడుతుంది. అందుకే గుండెపోటు తర్వాత స్టెంట్ వేసినవారికి సాధారణంగా 12 నెలలు యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రెండు మాత్రలూ ఇస్తాం. రక్తస్రావం ముప్పు ఎక్కువున్న కొందరికి ముందే ఒకటి ఆపుతాం, కానీ అది లెక్క చూసుకుని డాక్టర్ తీసుకునే నిర్ణయం. స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోతే మళ్లీ గుండెపోటే, ప్రాణం మీదికి రావచ్చు. కడుపు మంటకు ఇంత పెద్ద మందు మానేస్తారా? ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. పన్ను పీకించుకోవాలన్నా సరే, అడగకుండా ఈ మాత్ర ఆపకూడదు.

మంట తగ్గడానికి మందులున్నాయి. అయితే దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి, అందుకే ఎక్కువగా పాంటోప్రజోల్ రాస్తాం. నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారేమో కూడా డాక్టర్‌కు చెప్పండి. మలం నల్లగా తారులా వస్తుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు, అది తప్పక చెప్పాలి.

ఇక కొలెస్ట్రాల్. 62కి తగ్గింది ఆ మాత్ర వల్లే. ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది. గుండెపోటు వచ్చినవారికి 55 కన్నా తగ్గించడమే మంచిదని ఇప్పుడు చాలామంది వైద్యులు భావిస్తున్నారు. ఆపకండి.

మానేసిన క్లోపిడోగ్రెల్‌ను ఏ మోతాదుతో మొదలుపెట్టాలో మీ డాక్టరే చెప్పాలి. ఎన్ని రోజులు వేసుకోలేదో ఆయన దగ్గర దాచకండి. ఈలోగా ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, కూర్చున్నా ఆయాసం ఉంటే సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, అంబులెన్స్ పిలవండి.