యాప్‌లో మంచు, కొండ మీద వాన

వసంతం మొదలైందంటే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు రెండింటి గురించే: కొండ మీద మంచు, నది మీద గాలి. పొద్దున స్కీయింగ్, సాయంత్రం నది మీద విండ్‌సర్ఫింగో (తెరచాప కట్టిన బోర్డు మీద జారడం) కైట్‌బోర్డింగో (గాలిపటం లాగే బోర్డు మీద జారడం) చేద్దామనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి కాలం లేదు. ఫోర్‌కాస్ట్ నమ్మి దెబ్బతినేది కూడా ఈ కాలంలోనే ఎక్కువ. ఈసారి వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: శనివారం 15 సెంటీమీటర్ల స్నో పడుతుందని యాప్‌లో చూసి తెల్లవారుజామునే బయల్దేరాం. తీరా వెళ్తే లిఫ్ట్ ఎక్కే చోటంతా వానే. జాకెట్లు తడిసి ముద్దయ్యాయి. ఇంత తప్పు ఎలా చెప్తారండి?

జవాబు: ఆ 15 సెంటీమీటర్లు బహుశా పడే ఉంటాయి, మీరున్న చోటికి ఇంకో 400 మీటర్ల పైన. చాలా యాప్‌లు కొండ మొత్తానికి ఒకే అంకె చూపిస్తాయి, అది శిఖరానిదా, మధ్యదా, కింద పార్కింగ్‌దా అన్నది ఏదో మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందు వెతకాల్సింది ఆ చిన్న అక్షరాలనే. తర్వాత ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి సున్నా డిగ్రీలుండే ఎత్తు. స్నో లైన్, అంటే మంచుగా పడే కింది హద్దు, అక్కడితో ఆగదు, రేకులు కరగడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి సుమారు 300 మీటర్లు కిందిదాకా మంచుగానే పడుతుంది, ఆ కింద వానే. ఫ్రీజింగ్ లెవెల్ 2,000 మీటర్లని ఉంటే 1,700 దాకా ఆశ పెట్టుకోవచ్చు, 1,400 మీటర్ల దగ్గర లిఫ్ట్ ఎక్కేవాళ్లు మాత్రం రెయిన్ జాకెట్ తీసుకెళ్లాల్సిందే.

ఆ వివరం దొరక్కపోతే చేతి లెక్క ఒకటుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో, 300 మీటర్ల ఎత్తులో 12 డిగ్రీలుంటే, 1,800 మీటర్ల దగ్గర రెండు డిగ్రీలు ఉండొచ్చన్నమాట. ఈ రెండు డిగ్రీలే వసంతంలో టెన్షన్ పెట్టేది, ఇటు ఒరిగితే మంచు, అటు ఒరిగితే వాన. చినుకులుగా పడితే వానగానే ఉండిపోతుంది. అదే గట్టిగా కురిస్తే, పైనుంచి వచ్చే మంచు కరుగుతూ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది, దాంతో స్నో లైన్ ఉన్నట్టుండి కిందికి దిగొస్తుంది. అందుకే ఒకే మధ్యాహ్నం ఒకే చోట వాన, మంచు, మళ్లీ వాన చూస్తుంటాం.

ఇంకో సంగతి, యాప్‌లో కనిపించే సెంటీమీటర్లు చాలాసార్లు నీటి లెక్కని పదితో గుణించి చెప్పినవి: 10 మిల్లీమీటర్ల నీరు పడితే 10 సెంటీమీటర్ల మంచు అని. గడ్డకట్టే చలిలో అదే నీటికి 15 సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వస్తుంది, అదే వసంతపు తడి మంచైతే ఆరో ఏడో వస్తుంది, పైగా బరువు. నేనైతే సెంటీమీటర్లు చూడడం మానేసి నీరెంత, ఫ్రీజింగ్ లెవెల్ ఎంత అనే రెండే చూస్తాను.

ప్రశ్న: పొద్దున 8కి వెళ్తే నేల గాజులా ఉంది, స్కీ అంచు దిగడమే లేదు. మధ్యాహ్నం 2కి వెళ్తే మోకాలిదాకా దిగబడిపోయే మంచు. అసలు మంచి టైం ఎప్పుడు?

జవాబు: ఆ రెండింటి మధ్యలో గంట, గంటన్నర ఉంటుంది, దాని కోసమే కొంతమంది ఏడాదంతా ఎదురుచూస్తారు! దాన్ని కార్న్ స్నో అంటారు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి మళ్లీ గట్టిపడి, ఇలా కొన్ని రోజులు జరిగేసరికి మంచు రేకులన్నీ కలిసి ముతక ఇసుకలా గుండ్రటి గింజలవుతాయి. ఎండ తగిలి పై రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం మెత్తబడి కింద ఇంకా గట్టిగా ఉన్నప్పుడు దాని మీద జారుతుంటే స్కీలు వాటంతటవే తిరుగుతున్నట్టుంటుంది.

ఆ టైం ఎప్పుడొస్తుందో రాత్రి ఆకాశాన్ని బట్టి తెలుస్తుంది. చాలామంది రాత్రి ఉష్ణోగ్రత ఒక్కటే చూసి పొరపాటు పడతారు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసుకుంటుంది, గాలి ఒకటి రెండు డిగ్రీలున్నా మంచు పైభాగం గట్టిపడిపోతుంది. మబ్బు పట్టిందా, దుప్పటి కప్పినట్టే, సున్నా దగ్గరున్నా సరిగ్గా గడ్డకట్టదు. కాబట్టి రాత్రంతా మబ్బుంటే మర్నాడు పొద్దున ఆశ పెట్టుకోవద్దు. రాత్రి నిర్మలంగా ఉంటే ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, చివరికి పడమటి వాలు మెత్తబడతాయి, ఎండ వెంట మీరూ తిరగొచ్చు.

అక్కడికెళ్లాక బూటు మడమతో నేలని తొక్కి చూడండి. టక్కుమని శబ్దం వచ్చి గీత కూడా పడకపోతే ఇంకా ఆగాలి. మడమ అంచు అంగుళం లోతు దిగి చుట్టూ గింజలు పొడిపొడిగా రాలితే అదే టైం. చీలమండ దాటి దిగిపోయిందంటే ఆలస్యమైనట్టే, ఇక నిటారు వాలు మీద ఉండకూడదు. స్కీ రిసార్ట్ హద్దులు దాటి వెళ్లేవాళ్లు ఈ మాట తప్పకుండా వినాలని నా కోరిక. వాలు మీద చిన్న చిన్న మంచు ముద్దలు చక్రాల్లా చుట్టుకుంటూ వాటంతటవే దొర్లుతుంటే పైపొర పట్టు వదిలేస్తోందని అర్థం. 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద అవలాంచ్‌లు (కొండ మీంచి జారిపడే మంచు చరియలు) ఎక్కువ, ఎండాకాలం దగ్గర పడేకొద్దీ తడి అవలాంచ్‌లు మధ్యాహ్నం పూట వస్తాయి, మెల్లగా కదిలినా సిమెంటులా బరువుగా ఉంటాయి. అవలాంచ్ సూచనలో 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. 3 అంటే మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదులే అనుకోవద్దండి, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో పెద్ద భాగం 3 ఉన్న రోజుల్లోనే జరిగాయి. 4, 5 ఉన్నప్పుడు జనం ఎలాగూ ఇళ్లలోనే ఉంటారు.

ప్రశ్న: అమెరికాలో ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య కొలంబియా నది పారే లోయ, కొలంబియా రివర్ గోర్జ్‌లో విండ్‌సర్ఫింగ్ కొత్తగా నేర్చుకుంటున్నాను. యాప్ 10 అంటే 25 వీస్తుంది, 20 అంటే ఆకు కదలదు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ముందు ఆ 10 దేనిలోనో చూశారా? సెకనుకి 10 మీటర్లంటే సుమారు 19 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). కొత్తవాళ్లలో చాలామందికి మొదటి భయం ఇక్కడే మొదలవుతుంది. పైగా గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం నాలుగు రెట్లవుతుంది, 10 నాట్లకీ 20 నాట్లకీ తేడా మీ చేతులకి వెంటనే తెలిసిపోతుంది.

ఇక యాప్ సంగతి. చాలా యాప్‌ల వెనకున్న అమెరికా ప్రపంచ మోడల్ (వాతావరణాన్ని కంప్యూటర్‌తో వేసే లెక్క), జీఎఫ్ఎస్, భూమిని సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. గోర్జ్‌లోని హుడ్ రివర్ అనే ఊరి దగ్గర నది వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు కూడా ఉంటుందో ఉండదో. ఆ గడిలో నది, రెండు పక్కలా ఉన్న కొండలు అన్నీ కలిసి ఒక చదునైన మెట్టలా అయిపోతాయి, ఇక గాలి దూరి వచ్చే సందు మోడల్‌కి ఎక్కడ కనిపిస్తుంది? హెచ్ఆర్ఆర్ఆర్ అనే మోడల్ గడి 3 కిలోమీటర్లు, గంటగంటకీ కొత్తగా లెక్కవేస్తుంది. ఇవాళ మధ్యాహ్నం గురించి తెలుసుకోవాలంటే దాన్ని చూడండి.

అసలు అక్కడ గాలి ఎందుకు వీస్తుందో తెలిస్తే యాప్ సగం అక్కర్లేదు. కాస్కేడ్ పర్వతాల వరుసని దాదాపు సముద్రమట్టం ఎత్తులో చీల్చుకుని వెళ్లే దారి ఈ గోర్జ్, పొడవు సుమారు 130 కిలోమీటర్లు. పడమటి పక్క సముద్రం మీది చల్లని బరువైన గాలి, తూర్పు పక్క ఎండకి కాగిన మెట్ట నేల. వేడెక్కిన చోట పీడనం తగ్గుతుంది, చల్లగా ఉన్న చోట ఎక్కువుంటుంది, మధ్యలో ఉన్న ఒక్క కిటికీలోంచి గాలంతా తోసుకొస్తుంది. అందుకే అక్కడివాళ్లు పడమటి పక్కనున్న పోర్ట్‌లండ్‌లో పీడనం ఎంత, తూర్పు పక్కనున్న ద డాల్స్‌లో ఎంత అని రెండు విమానాశ్రయాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తారు. పడమర ఎక్కువై తేడా పెరుగుతుంటే గాలి పెరుగుతుంది. పోర్ట్‌లండ్ వైపు పొద్దున్నే దట్టంగా మబ్బు, తూర్పున ఎండ ఉంటే సంతోషించండి. రెండు పక్కలా ఎండలు మండిపోతుంటే మాత్రం తేడా ఉండదు, గాలీ ఉండదు.

వసంతంలో ఇంకో చిక్కుంది. ఎండ ఇంకా ముదరదు కాబట్టి గాలిని ఎక్కువగా తెచ్చేవి తుపాను గాలుల వరుసలే, అవి దాటిపోయాక జల్లుల మధ్య గాలి తెగ విసురుతుంది, అంతలోనే ఆగిపోతుంది. సగటు 15 నాట్లు, గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) 18 అని ఉంటే హాయిగా దిగండి. సగటు 12, గస్ట్ 27 అని ఉంటే నేర్చుకునేవాళ్లు ఒడ్డున కూర్చోవడమే మంచిది. చివరగా, బయల్దేరే ముందు ఫోర్‌కాస్ట్ పక్కన పెట్టి, గాలి వచ్చే వైపు, అంటే పడమటి వైపున్న గాలి కొలిచే మీటర్లలో ఇప్పుడు నిజంగా ఎంత వీస్తోందో చూడండి. అది కొలిచిన అంకె, ఎవరి ఊహా కాదు.

ప్రశ్న: ఎన్ని రోజుల ముందు ఫోర్‌కాస్ట్ నమ్మొచ్చు? సెలవు పెట్టుకోవాలి కదా.

జవాబు: వారం ముందు చూస్తే చలిగా ఉంటుందా వెచ్చగానా, తడా పొడా అన్నంతవరకే. గాలి ఎన్ని గంటలకి లేస్తుందో ముందురోజు రాత్రి కూడా ఖాయంగా చెప్పలేరు. యూరప్ వాతావరణ కేంద్రం ఒకే లెక్కని కొద్దికొద్ది తేడాలతో 51 సార్లు వేస్తుంది. ఆ లెక్కలని గ్రాఫ్‌లో గీస్తే గీతలన్నీ దగ్గర దగ్గరగా సాగితే సెలవు అడగండి. గీతలు విడివిడిగా చెదిరిపోతే ఆగండి.

ప్రశ్న: బయట 24 డిగ్రీలు, మంచి ఎండ. వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు దుస్తులు) తప్పదా? ఉక్కపోస్తుంది. ఇంకోటి, ఒకే రోజు మంచూ గాలీ రెండూ దొరుకుతాయా?

జవాబు: తప్పదండి. మీరు పడేది నీళ్లలో కదా. వసంతంలో ఆ నీళ్లు పైన కొండల మీది మంచు కరిగి వచ్చినవే. నేను ఒక ఏప్రిల్‌లో ఎండ చూసి పొట్టి వెట్‌సూట్‌తో దిగాను, పడగానే ఊపిరి లోపలికే పోతోంది తప్ప బయటికి రావడం లేదు, కాసేపటికి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి, చేతిలో ఉన్న బూమ్‌ని (తెరచాప పట్టుకునే కర్రని) చూస్తున్నాను కానీ పట్టుకోలేకపోతున్నాను. పక్కనున్నాయన ఒడ్డుకి లాగకపోతే ఏమయ్యేదో. చల్లటి నీళ్ల గురించి 1-10-1 అని ఒక లెక్క చెప్తారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది 1 గంట. ఆ మొదటి నిమిషం గడవాలంటే లైఫ్ జాకెట్ ఉండాలి, పది నిమిషాలు ఇంకాస్త సాగాలంటే నిండా కప్పే మందపాటి సూట్ ఉండాలి.

మే చివర, జూన్‌లో కరుగు నీరు వచ్చి కొలంబియా ఉరవడి కూడా పెరుగుతుంది. నది పడమరకి పోతుంది, గాలి తూర్పుకి తోస్తుంది. రెండూ ఎదురెదురు కాబట్టే అలలు అంత బాగా లేస్తాయి, గాలి ఉన్నంతసేపూ మీరు ఉన్నచోటే ఆడుకోవచ్చు. గాలి పడిపోయిందా, నది మిమ్మల్ని దిగువకి తీసుకుపోతుంది, ఆ దారిలోనే బార్జీలు (సరుకు మోసే పెద్ద పడవలు) కూడా తిరుగుతుంటాయి. ఒడ్డుకి దగ్గరగా ఉండండి.

మీరే చివర్లో అడిగారు, ఒకే రోజు మంచూ గాలీ రెండూ దొరుకుతాయా అని. దొరుకుతాయి. పడమటి లోయ మీద రాత్రికి సముద్రపు మబ్బు వచ్చి చేరుతుంది, అది ఎత్తుగా ఉండదు. దగ్గర్లోని మౌంట్ హుడ్ కొండ మీద టింబర్‌లైన్ స్కీ రిసార్ట్ దాదాపు 1,800 మీటర్ల దగ్గర, ఆ మబ్బుకి పైన ఉండిపోతుంది. అక్కడ ఆకాశం నిర్మలం, మంచు గట్టిపడుతుంది. కింద అదే మబ్బు చల్లటి గాలిని పోగుచేసి మధ్యాహ్నానికి గోర్జ్‌లోకి తోస్తుంది. పొద్దున 7కి కొండ మీద కెమెరాలో ఎండ కనిపిస్తూ, దాని కింద తెల్లటి మబ్బు చెరువులా పరుచుకుని ఉంటే, కారులో స్కీలూ బోర్డూ రెండూ పెట్టుకోండి.