కొత్తగా పాఠం చెబుతున్నా.. అది పరిశోధన అవుతుందా?

ప్రశ్న: ఓ ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఏడేళ్లుగా ఈసీఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నాను. ‘సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్’ క్లాసులో పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తున్నాను. మార్కులు పెరిగాయి. దాని మీద పేపర్ పంపితే ‘ఇందులో పరిశోధన లేదు’ అని తిప్పి పంపారు. ఇంజినీరింగ్ విద్యా పరిశోధన ఎలా నేర్చుకోవాలి? పీహెచ్‌డీ ఇందులోనే చేయొచ్చా?

జవాబు: మీ పేపర్ చూడలేదు కానీ, ఎందుకు తిప్పి పంపారో ఊహించగలను. పోయినేడాది మార్కుల పక్కన ఈ ఏడాది మార్కులు పెట్టి, ‘క్లాసు బాగుంది’ అని పిల్లలు టిక్ పెట్టిన ఫీడ్‌బ్యాక్ ఫారాలు జోడించి ఉంటారు. ఈమధ్యలో ప్రశ్నపత్రం మారింది, బ్యాచ్ మారింది, పిల్లల ఎంట్రన్స్ ర్యాంకులూ మారాయి. పెరుగుదల మీ పద్ధతి వల్లేనని రివ్యూయర్ ఎలా నమ్మాలి?

ల్యాబ్‌లో అయితే మీటర్ సరిగా ఉందో లేదో చూసుకోకుండా రీడింగ్ తీసుకోరు కదా! మీ సబ్జెక్టుకూ అలాంటి మీటర్ ఉంది. అమెరికాలో కేథలీన్ వేజ్, జాన్ బక్ బృందం 25 ఆబ్జెక్టివ్ ప్రశ్నలతో ‘సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్ష తయారు చేసింది. అందులో లెక్క కట్టడం కన్నా అర్థం చేసుకోవడమే ముఖ్యం. కోర్సుకు ముందోసారి, తర్వాత ఇంకోసారి పెట్టండి. క్లాసు సగటు 40 శాతం నుంచి 64కు వచ్చిందనుకోండి. పెరగడానికి ఉన్న చోటు 60, పెరిగింది 24. అంటే 0.4 ‘గెయిన్’. 1998లో రిచర్డ్ హేక్ ఆరు వేల మందికి పైగా ఫిజిక్స్ విద్యార్థుల మార్కులను ఇలాగే లెక్క వేశారు. మామూలు లెక్చర్ క్లాసుల్లో సగటున 0.23, విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో 0.48 వచ్చింది.

అంకె వచ్చింది కదా అని ఆగకండి. ఎందుకు పెరిగిందో అంకె చెప్పదు. ఐదారుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ఒక్క కన్వల్యూషన్ లెక్క (ఇన్‌పుట్ సిగ్నల్ నుంచి సిస్టమ్ అవుట్‌పుట్ కట్టేది) ఇచ్చి, బుర్రలో నడిచేది పైకి చెబుతూ చేయమనండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మీరు నోరు విప్పకండి (మాస్టార్లకు ఇదే కష్టం!). ‘సిగ్నల్‌ని ఎందుకు తిప్పావు?’ అనడిగితే ‘ఫార్ములాలో మైనస్ ఉంది కదా సార్’ అనే పిల్లాడు తప్పక తగులుతాడు. జవాబు కరెక్టే వేశాడు, మార్కులూ పడతాయి. కానీ ఇన్‌పుట్‌లోని పాత విలువలు ఇప్పటి అవుట్‌పుట్‌లోకి ఎలా వస్తున్నాయో అతనికి తెలియదు. మీ పరిశోధన ప్రశ్న అక్కడ దొరుకుతుంది. జట్టులో కూర్చుంటే ఆ పిల్లాడి ఆలోచన మారుతుందా, లేక పక్కవాడి జవాబు ఎక్కించుకుంటాడా?

ఇంకో మాట. మార్కులు వేసేది మీరే కాబట్టి, పరిశోధనలో పాల్గొనమని మీరడిగితే ఏ విద్యార్థీ కాదనలేడు. అందుకే అంగీకార పత్రాలు వేరే లెక్చరర్‌ను తీసుకోమనండి. పరీక్ష ఫలితాలు వచ్చేదాకా వాటిని మీరు తెరవొద్దు.

నేర్చుకోవడానికి ఐయూసీఈఈ (ఇంజినీరింగ్ విద్యను మెరుగుపరచడానికి పనిచేసే సంస్థ) వాళ్ల ఫ్యాకల్టీ కోర్సులున్నాయి. ‘జర్నల్ ఆఫ్ ఇంజినీరింగ్ ఎడ్యుకేషన్ ట్రాన్స్‌ఫర్మేషన్స్’ మన దేశం నుంచే వస్తుంది. అందులో ఓ పది పేపర్లు చదివితే తీరు పట్టుబడుతుంది. గణాంకాలు మీకు ఎలాగూ వచ్చు. ఇంటర్వ్యూలను విశ్లేషించడమే కొత్త. దానికి మీ ఊరి యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ లేదా సైకాలజీ వాళ్లను ఒకరిని కలుపుకోండి.

ఇక పీహెచ్‌డీ. ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో చేయొచ్చు, ఇంజినీర్లకూ అవకాశం ఉంది. అమెరికాలోని పర్డ్యూలో 2004 నుంచే దీనికి ప్రత్యేక విభాగం ఉంది. అయితే ఇక్కడే అసోసియేట్ ప్రొఫెసర్ కావాలనుకుంటే, ఈ డిగ్రీని ఈసీఈ పోస్టుకు లెక్కలోకి తీసుకుంటారో లేదో అడ్మిషన్‌కు ముందే అఫిలియేటింగ్ యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి. ప్రిన్సిపల్ నోటిమాట చాలదు. ఇప్పటికే ఈసీఈలో రిజిస్టర్ అయి ఉంటే దాన్ని వదలొద్దు, ఇది పక్కన నడపండి.