టెక్ సందేహాలు: రంగు పూస్తే నోట్స్ అయిపోతాయా?

మా డిగ్రీ పిల్లలకు ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ చెబుతున్నాను. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఫోన్లోనే చదువుతున్నారు. పేజీకి పేజీ పసుపు రంగు పూసేస్తారు, ఎందుకంటే మాత్రం చెప్పలేరు. మంచి నోట్స్ యాప్ ఏదైనా ఉందా? ఈ పీడీఎఫ్‌ను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?
– తెలుగు అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం మేడమ్. ఉన్నవ వారు 1958లో కాలం చేశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి, 2019 నుంచి ఆ నవలను ఎవరైనా పంచుకోవచ్చు. కొత్త ముద్రణల్లో చేర్చిన ముందుమాటలు, వ్యాఖ్యలు మాత్రం తీసేసి పంపండి.

ఇక యాప్ సంగతి. కొత్తదేదీ వద్దు, గూగుల్ డాక్స్ చాలు. రంగు పూయడానికి వేలు కదిలితే సరిపోతుంది. డాక్స్‌లో కామెంట్ పెట్టాలంటే ఏదో ఒకటి రాసి తీరాలి. ఏ మాట మీద పెట్టారో ఆ మాటకే అది అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక నవలలో ‘ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది’ అని ఉందనుకోండి. ఉత్త రంగే పూస్తే పరీక్షల ముందు తిరగేసినా ఏమీ గుర్తురాదు. ‘పోయిన అధ్యాయంలో పిలవకపోయినా వంటింటిదాకా వచ్చిందిగా, ఇప్పుడెందుకు ఆగింది?’ అని పక్కన రాసుకున్న అమ్మాయికి ఆ పాత్ర పట్టుబడినట్టే. అధ్యాయానికి ఇలాంటివి మూడు రాస్తే చాలని చెప్పండి. ఎక్కువ అడిగితే మళ్లీ మొక్కుబడే.

స్కాన్ పేజీ ఉత్త బొమ్మ. దాన్ని అక్షరాలుగా మార్చాలి. కంప్యూటర్లో గూగుల్ డ్రైవ్‌కు ఎక్కించి, రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, అందుకే నవలను కొద్ది పేజీల చొప్పున విడగొట్టుకోండి. పాత అచ్చు కదా, ఒత్తులు తారుమారవుతాయి, ‘మ’ కాస్తా ‘య’ అవుతుంది. ఆ తప్పుల్ని మీరు దిద్దకండి. తలా ఒక పేజీ ఇచ్చి, స్కాన్‌తో పోల్చి పిల్లల్నే దిద్దమనండి. అక్షరం అక్షరం చూసుకుంటూ పోయేవాళ్లకు కళ్లు దాటేసే మాటలు కూడా ఆనతాయి. నవలను దగ్గరగా చదవడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

అందరికీ ఒకే ఫైలు ఇస్తే మాత్రం మొదటివాడు రాసిందే మిగతావాళ్లూ రాస్తారు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో ప్రతి విద్యార్థికీ విడి కాపీ వెళ్లే ఆప్షన్ ఉంది, అది పెట్టండి.

పీడీఎఫ్ నవల్లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి. నా ఫోన్‌లో వైరస్ ఉందా?
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

టెన్షన్ పడొద్దు, ఫోన్ శుభ్రంగానే ఉంది. ఆ పుస్తకాన్ని యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని, అను వంటి ఫాంట్‌లో కంపోజ్ చేసి ఉంటారు. పేజీని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో తెరిచి, అక్కడ టెక్స్ట్ కాపీ చేసుకో. కాకపోతే పేరాలకు పేరాలు ఎత్తి పెట్టుకోకు. నీకు పనికొచ్చే ఒక్క వాక్యం, పేజీ నంబరు, కింద నీ మాటల్లో రెండు లైన్లు ఉంటే చాలు.

మా అబ్బాయి నవల తెరవకుండానే చాట్‌జీపీటీని అడిగి సారాంశం రాసేసుకుంటున్నాడు. మాన్పించడం ఎలా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

యాప్ తీసేస్తే ఇంకో ఫోన్లో చూస్తాడమ్మా. పైగా తెలుగు నవలల విషయంలో ఇలాంటివి పాత్రల పేర్లు, సంఘటనలు కలిపేసి ధీమాగా చెప్పేస్తుంటాయి. ముందు ఒక అధ్యాయం చదివి పది లైన్లు సొంతంగా రాయమనండి. ఆ రాసింది అందులో పెట్టి, ‘జవాబులు చెప్పకు, నేను రాసిన దాని మీద నన్నే ఐదు ప్రశ్నలు అడుగు’ అని తెలుగులోనే టైప్ చేయమనండి. జవాబులు వెతకడానికి మళ్లీ పుస్తకమే తెరవాల్సి వస్తుంది.