వీల్‌చైర్‌తో క్రూజ్‌కు వెళ్లాలంటే ముందు చూడాల్సింది ఓడను కాదు, రేవులను

మీ నాన్నగారు వీల్‌చైర్‌లో ఉంటారు, ఎవరైనా పట్టుకుంటే నాలుగడుగులు వేయగలరు, ఆయనను క్రూజ్‌కు తీసుకెళ్లాలని ఉంది, ఏ ఓడ మంచిది, కుర్చీ వాళ్లే ఇస్తారా అని అడిగారు. మా మేనత్తను ఇలాగే తీసుకెళ్లి వచ్చినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతాను. ఏ ఓడ అన్నది తర్వాతి మాట. అది ఏయే ఊళ్లలో ఆగుతుంది, ఆగినచోట గట్టుకు ఆనుకుని నిలుస్తుందా, లేక నడి నీళ్లలో లంగరు వేసి జనాన్ని టెండర్ అనే చిన్న పడవల్లో దించుతుందా అన్నది ముందు తేల్చుకోండి. ఈ సంగతి వదిలేసి ఈతకొలను ఎంత పెద్దది, ఎన్ని భోజనశాలలున్నాయి అని రోజుల తరబడి చర్చించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్ద ఓడల లోపల ఈ రోజుల్లో కష్టం తక్కువే. లిఫ్టులుంటాయి, థియేటర్‌లో కుర్చీ నిలుపుకోవడానికి చోటు వదులుతారు. చిక్కంతా ఓడకూ నేలకూ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలోనే ఉంది. గట్టుకు ఆనుకున్న ఓడ నుంచైతే గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి గట్టుకు వేసే వంతెన మీదుగా కుర్చీని దొర్లించుకుంటూ దిగిపోవచ్చు. అక్కడ కూడా ఆటుపోట్లు చూసుకోవాలి. మధ్యధరా సముద్రంలో పోటు తక్కువ కాబట్టి గ్యాంగ్‌వే వాలు రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అట్లాంటిక్ తీరంలో పొద్దున హాయిగా దిగిన దారే సాయంత్రానికి నిట్రంగా నిలబడవచ్చు. నదుల మీద తిరిగే ఓడలది మరో కథ. రైన్, డాన్యూబ్ రేవుల్లో చోటు చాలనప్పుడు ఓడలను ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. గట్టు చేరాలంటే పక్క ఓడలోంచి నడిచి వెళ్లాలి, ఒక్కోసారి పై డెక్ దాకా మెట్లెక్కి దిగాలి. నది ఎంత అందంగా ఉంటుందని ఎవరు చెప్పినా సరే, కుర్చీలో ఉన్నవారికి నేను సముద్రమే మేలంటాను.

మా అత్తయ్య భూగోళం చెప్పిన టీచరు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు బలహీనపడింది. చేతికర్ర, ఒక మనిషి ఆసరా ఉంటే కొన్ని అడుగులు వేస్తుంది, మిగతా అంతా వీల్‌చైరే. ఆమెకు గ్రీసులోని సాంటొరిని చూడాలని ఎప్పటినుంచో కోరిక. అగ్నిపర్వతం పేలి మధ్యభాగం సముద్రంలోకి కుంగిపోగా మిగిలిన అంచు మీద ఊళ్లున్న దీవి అది. చిక్కేమిటంటే, అది టెండర్ రేవు. అందుకని మిగతా ఊళ్లన్నీ ఓడ గట్టుకు చేరేవే ఉన్న యాత్రను వెతికి పట్టుకున్నాను: ఏథెన్స్ రేవైన పిరేయస్, గ్రీసులోనే రోడ్స్ దీవి, టర్కీలోని కుషదాసి. సాంటొరిని సంగతి ఉన్నదున్నట్టు ఆమెకే చెప్పాను. “దిగనిస్తే దిగుతాను, లేదంటే డెక్ మీద నుంచే చూస్తాను. నువ్వు టికెట్ తీసుకోరా” అంది.

టికెట్ అమ్మిన ఏజెంటు మాత్రం “అన్ని రేవుల్లోనూ వీల్‌చైర్‌కు పూర్తి ఏర్పాట్లు ఉంటాయండీ” అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ మాట నేను నమ్మలేదు. నేరుగా ఓడ సంస్థకే ఈమెయిల్ రాసి అడిగాను. అలల తీరును బట్టి అప్పటికప్పుడు నిర్ణయిస్తామని, బ్యాటరీ కుర్చీని పడవలోకి అనుమతించేది లేదని, మడతపెట్టే కుర్చీ తెచ్చుకోమని, ముందురోజు అడుగు పరీక్ష ఉంటుందని జవాబు వచ్చింది. ఇంత నిక్కచ్చిగా నిజం చెప్పే జవాబు దొరికితే దాన్ని ముద్రించి దగ్గర పెట్టుకోండి.

ఆ పరీక్ష గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. ముందురోజు సాయంత్రం ఒక హాల్లో కార్పెట్ మీద దూరం దూరంగా రెండు తెల్ల టేపు పట్టీలు అంటించారు. ఒకదాని వెనుక నిలబడి రెండోదాని అవతలికి అడుగు వేయాలి. ఇద్దరు సిబ్బంది చెరో పక్కన నిలబడి మోచేయి అందిస్తారు, అంతే. మనిషిని ఎత్తడం మాత్రం వాళ్ల నిబంధనలకు విరుద్ధం. అత్తయ్య కర్రను ముందుకు జరిపి, కుడి కాలు దాటించి, ఎడమ కాలును ఈడ్చకుండా లేపి పక్కన పెట్టింది. ఆ ఎడమ కాలును లేపడం కోసమే బయలుదేరే ముందు ఆమె ఇంట్లో వరండాలో రోజూ సాధన చేసింది. పాసయ్యారని చీటీ ఇస్తే దాన్ని చేతిసంచిలో భద్రంగా దాచుకుంది.

మర్నాడు పొద్దున ఓడ పక్క తలుపు దగ్గరికి వెళ్లాం. నీటికి కాస్త పైనే ఉంటుంది ఆ తలుపు. బయట టెండర్ పడవ తాళ్లతో కట్టి ఉంది. దాని అంచు ఒక క్షణం మా గడపతో సమానంగా వచ్చేది, మరుక్షణం మోకాలి లోతుకు దిగిపోయేది. మధ్యలో రబ్బరు దిమ్మలు నలిగి కీచుమంటున్నాయి. కార్పెట్ మీది పట్టీలు కదలవు, పడవ కదులుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. అక్కడున్న అధికారి కాసేపు అలలను చూశాడు. తర్వాత మా వైపు కాకుండా అత్తయ్య వైపు తిరిగి, ఆమె కళ్లకు సమంగా మోకాళ్ల మీద కూర్చుని, “అమ్మా, ఇప్పుడు వద్దు. గంట తర్వాత గాలి తగ్గవచ్చు, అప్పుడు చూద్దాం” అన్నాడు.

అత్తయ్య కొడుకు, మా బావ, ఊరుకోలేదు. పరీక్ష పాసైంది కదా, మేమిద్దరం ఎత్తుకుని దించుతాం, ఏ కాగితం మీదైనా సంతకం పెడతాం అని గొంతు పెంచాడు. ఆ అధికారి ఒప్పుకోలేదు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మనిషిని ఎత్తుకుని అడుగు వేసే క్షణంలో పడవ దిగిపోతే, ఓడకూ పడవకూ మధ్య ఇరుక్కునేది ఎత్తుకున్నవాడి కాలు, లేదా ఎత్తుకోబడిన మనిషి కాలు. సంతకాలు ఆ కాలును కాపాడవు. దయచేసి నీటి అంచున నిలబడి ఉన్న మనిషితో పోట్లాడకండి. పోట్లాడాల్సింది టికెట్ అమ్మేటప్పుడు నోటికి వచ్చిన హామీ ఇచ్చినవాడితో, అదీ డబ్బు కట్టకముందు.

గంట దాటాక నిజంగానే గాలి నెమ్మదించింది. అత్తయ్య అంచు సమానమయ్యే దాకా ఆగి, అధికారి “ఇప్పుడు” అనగానే అడుగు వేసింది. కుర్చీ మడతపెట్టి వెనకాలే అందించారు. కొండ కింది పాత రేవులో దిగాం. అందరూ పరుగున కేబుల్ కారు వరుసలో నిలబడ్డారు. ఊరు దాదాపు 220 మీటర్ల పైన ఉంటుంది, కాలినడకనైతే 580కి పైగా మెట్లు. పైకి ఎలా తీసుకెళ్లాలా అని నేనూ బావా తర్జనభర్జన పడుతుంటే అత్తయ్య కసిరింది: “నేను పైకి వెళ్లాలని ఎవరు చెప్పారు? ఆ తెల్ల ఇళ్లు ఫొటోల్లో చాలా చూశాను. నన్ను కొండకు ఎదురుగా కూర్చోబెట్టండి.” కూర్చోబెట్టాం. నల్లటి లావా పొరలు, మధ్యలో ఎర్రటి పట్టీలు, అన్నిటికన్నా పైన తెల్లటి మందపాటి పొర. ఆ తెల్లది దాదాపు 3600 ఏళ్ల కిందటి పేలుడులో పడిన ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి అని, దాని కిందున్నవన్నీ అంతకన్నా పాత పేలుళ్లవని వేలితో చూపిస్తూ చెప్పింది. తరగతి గదిలో ఎలా చెప్పేదో అలాగే. ఆ రోజు ఆ రేవులో కొండను అంతసేపు చూసిన ప్రయాణికురాలు మా అత్తయ్య ఒక్కతే అని ఖాయంగా చెప్పగలను.

అందుకే మీరు ఓడల పేర్లు అడిగారు గాని, నేను అడిగేది ఇది: మీ నాన్నగారు ఏం చూడాలనుకుంటున్నారో ఆయనను అడిగారా? కుర్చీలో ఉన్న మనిషిని వదిలేసి కుర్చీ తోసే మనిషితో మాట్లాడే అలవాటు లోకమంతా ఉంది. ఓడలో భోజనం వడ్డించేవాళ్లు కూడా “ఆవిడ ఏం తీసుకుంటారు?” అని నన్ను అడిగేవారు. ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉండేది! నేను ప్రతిసారీ “ఆమెనే అడగండి” అనేవాణ్ణి. బంధువులది ఇంకో రకం. ఈ వయసులో ఈ స్థితిలో ఎందుకమ్మా, ఇంటిపట్టున ఉండు అని సలహాలిస్తారు. కాలు బలహీనపడితే కోరికలు కూడా బలహీనపడతాయని వీళ్లకెవరు చెప్పారు?

క్యాబిన్ మాటకు వస్తే, వీల్‌చైర్‌కు వీలుగా కట్టిన క్యాబిన్లు ఏ ఓడలోనైనా కొద్దిగానే ఉంటాయి, అవే ముందు అమ్ముడవుతాయి. మామూలు క్యాబిన్ తలుపు చాలా ఓడల్లో 22, 23 అంగుళాలే. పెద్దవాళ్ల వీల్‌చైర్ 24 నుంచి 27 అంగుళాలుంటుంది. ఎలా పడుతుంది? కనీసం 32 అంగుళాల ఖాళీ కావాలి, అదీ గది తలుపుకే కాదు, స్నానాల గది తలుపుకూ. స్నానాల గదికి గడప ఉందా, షవర్‌లోకి కుర్చీతో నేరుగా వెళ్లవచ్చా, గోడకు మడత సీటు ఉందా, మంచానికి ఏ పక్కన ఖాళీ ఉంది అని ఒక్కొక్కటీ రాసి అడగండి. “అన్నీ అనుకూలంగా ఉంటాయి” అనే జవాబు జవాబు కాదు, అంకెలు పంపమనండి. కొంచెం విశాలంగా ఉంటుందని, అవసరం లేనివాళ్లు కూడా ఈ క్యాబిన్లు బుక్ చేసుకుంటారు. అది తప్పు, ఒకరి ప్రయాణాన్ని ఆపేసే తప్పు. ఓడ సంస్థ అవసరాన్ని నిరూపించే ఫారం నింపమంటే విసుక్కోకండి, ఆ ఫారం మీ నాన్నగారి గదిని కాపాడుతుంది.

అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు, చట్టం మీ వెనుక ఉంది. అమెరికా జలాల్లోకి వచ్చే విదేశీ జెండా (వేరే దేశంలో నమోదైన) క్రూజ్ ఓడలకూ అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుందని ఆ దేశ సుప్రీంకోర్టు 2005లో స్పెక్టర్ కేసులో చెప్పింది. ఓడ భద్రతకు భంగం కలిగించే మార్పులు మాత్రం కోరలేం. యూరోపియన్ యూనియన్ రేవులో ఎక్కే క్రూజ్‌లకు 1177/2010 నిబంధన 2012 డిసెంబరు 18 నుంచి అమల్లో ఉంది. సాయం కావాలని కనీసం 48 గంటల ముందు చెబితే అదనపు డబ్బు తీసుకోకుండా చేయాలి. క్యాబిన్ అవసరాలు, వెంట తెచ్చే పరికరాల సంగతి మాత్రం బుక్ చేసేటప్పుడే చెప్పాలి. వాళ్ల తప్పు వల్ల కుర్చీ పాడైతే బాగుచేయించే ఖర్చో, కొత్తదాని ధరో ఇవ్వాలి.

ఓడ ఎక్కగానే చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాటవేస్తారు. ప్రమాదం వస్తే లిఫ్టులు వాడనివ్వరు. కాబట్టి నడవలేనివారిని మెట్ల మీదుగా దించే మనుషులు, ప్రత్యేక కుర్చీలు ఎక్కడుంటాయో, మీ గదికి ఎవరొస్తారో మొదటి రోజే అడిగి, నాన్నగారి పేరు ఆ జాబితాలో ఉందో లేదో కళ్లారా చూసుకోండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామందికి, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే భద్రతా కసరత్తే అప్పటికింకా జరగలేదు. 2015 జనవరి నుంచి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఓడ బయలుదేరకముందో, బయలుదేరిన వెంటనేనో ఆ కసరత్తు జరగాలి. దానికి నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, గదిలో ఉంచేయకండి.

ఊళ్లు చూపించే బస్సు యాత్రల పక్కన “తేలిక” అని రాసి ఉంటే మోసపోవద్దు. నడక తక్కువ అని దాని అర్థం, మెట్లు లేవని కాదు. బస్సుకు కుర్చీ ఎక్కించే లిఫ్ట్ ఉందా అని వేరుగా అడగాలి. పిరేయస్‌లో దిగితే ఏథెన్స్‌లో కొండ మీది పురాతన ఆలయాల చోటైన అక్రోపోలిస్‌కు 2020 డిసెంబరు నుంచి కొత్త లిఫ్ట్ ఉంది, పైన కాంక్రీటు బాటలూ వేశారు. రోడ్స్ పాతబస్తీ గులకరాళ్ల వీధుల మీద మాత్రం ముందు చిన్న చక్రాలు ఇరుక్కుంటూనే ఉంటాయి. అక్కడ మేం కుర్చీని వెనక్కి వంచి పెద్ద చక్రాల మీదే నడిపించాం, మా ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. కుషదాసి నుంచి వెళ్లే ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాల్లో పాలరాతి వీధి వాలుగా ఉంటుంది, బ్రేకులు గట్టిగా పనిచేసే కుర్చీ కావాలి.

ఇక మీ రెండో ప్రశ్న, కుర్చీ వాళ్లే ఇస్తారా అన్నది. ఓడలో ఉండే కుర్చీలు ఎక్కించడానికి, దించడానికి, అత్యవసరాలకు మాత్రమే. యాత్ర పొడవునా వాడుకోవడానికి ఇవ్వరు. సొంతది తీసుకెళ్లండి, లేదా అద్దెకిచ్చేవాళ్లు పెద్ద రేవుల్లో నేరుగా క్యాబిన్‌కే చేరుస్తారు, ముందే మాట్లాడుకోవాలి. బ్యాటరీ కుర్చీ అయితే దాన్ని గది లోపలే పెట్టుకోవాలి, మంటలు వస్తే దారికి అడ్డమని గది బయటి నడవాలో ఉంచనివ్వరు. టెండర్ రేవు ఒక్కటున్నా మడతపెట్టే తేలిక కుర్చీ కూడా వెంట ఉండాలి. అద్దె కుర్చీ అయితే నాన్నగారి బరువు, కూర్చున్నప్పటి తుంటి వెడల్పు కొలిచి పంపండి. పాదాల పలకలు విడిగా ఊడివస్తాయో లేదో కూడా అడగండి, ఇరుకు లిఫ్టులో అవి తీసేస్తేనే తలుపు మూసుకుంటుంది.