మధ్యవర్తి ముందు మాట వేరు, సంతకం వేరు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నగారు 2015లో వీలునామా రాయకుండానే చనిపోయారు. అమ్మ కూడా లేదు. మరుసటి ఏడాది ఊరి పెద్దమనుషుల సమక్షంలో కొబ్బరి తోట, పొలం నేనూ తమ్ముడూ పంచుకుని తెల్లకాగితం మీద రాసుకున్నాం. 2018లో తిత్లీ తుపానుకు తమ్ముడి వాటాలోని చెట్లు చాలావరకు కూలిపోయాయి. ఆ పంపకం చెల్లదంటూ ఇప్పుడు సోంపేట కోర్టులో భాగపంపకాల దావా వేశాడు. జడ్జిగారు మమ్మల్ని మధ్యవర్తిత్వానికి పంపారు. వెళ్లకపోతే కేసు ఓడిపోతానా? అక్కడ ఓ మెట్టు దిగి మాట్లాడితే రేపు కోర్టులో అదే నా మెడకు చుట్టుకుంటుందా? చెల్లెలికి పెళ్లయింది, తనకేమీ వద్దంటోంది. దావాలో ఆమె పేరు లేదు.

జవాబు: వెళ్లనంత మాత్రాన కేసు ఓడిపోరు. కానీ వెళ్లండి. రాజీకి వీలున్న దావాను మధ్యవర్తిత్వానికి పంపే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. ఇది 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. మూడో వ్యక్తి తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్‌కు పంపాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, మధ్యవర్తిత్వానికి ఆ ఒప్పుదల అక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో ఆఫ్కాన్స్ కేసులో తేల్చింది. ఈ దారికి తగినవంటూ ఆ తీర్పు చెప్పిన వివాదాల్లో కుటుంబ సభ్యుల మధ్య ఆస్తి పంపకాలూ ఉన్నాయి. కాబట్టి హాజరు కావడం మీ బాధ్యత. రాజీ పడాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. మధ్యవర్తి మీ ఊరి పెద్దమనిషిలా తీర్పు చెప్పరు, చెప్పే అధికారమూ ఆయనకు లేదు. కుదరకపోతే ఫైలు తిరిగి కోర్టుకు వస్తుంది, దావా ఆగిన చోటి నుంచి నడుస్తుంది.

అక్కడి మాటలు కోర్టుకు ఎక్కవు. 2010 డిసెంబరులో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. రాజీ కుదిరితే ఒప్పందాన్ని మధ్యవర్తి కోర్టుకు పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క మాట రాయాలి. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎంత ఇస్తామన్నారో రాయకూడదు. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టంలోనూ గోప్యతకు ప్రత్యేకంగా సెక్షన్ ఉంది. ‘పోనీ, పది సెంట్లు వదులుకుంటాను’ అని మీరు ఆ గదిలో అన్నా, రేపు బోనులో దాన్ని మీకు వ్యతిరేకంగా చదివి వినిపించలేరు. బయట బంధువుల ద్వారా నడిపే వాట్సాప్ రాయబారాల విషయంలో మాత్రం ఈ ధీమా పెట్టుకోకండి. అన్నదమ్ముల కేసుల్లో చేటు తెచ్చేవి చాలాసార్లు ఆ సందేశాలే.

ఇక మీ బలాబలాలు. పూర్తయిన పంపకాన్ని, తర్వాత తుపాను వచ్చి చెట్లు కూలాయన్న కారణంతో తిరగదోడలేరు. అయితే మీ తమ్ముడి న్యాయవాది ఆ వాదన మీదే ఆధారపడతారని నేను అనుకోను. ఆయన పట్టుకునేది మీ తెల్లకాగితాన్నే. ‘ఈ రోజు ఇలా పంచుకుంటున్నాం’ అని అందులో ఉంటే అది పంపకపు దస్తావేజు అవుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే పంపకం జరిగిందనడానికి అది సాక్ష్యంగా పనికిరాదు. ‘లోగడ నోటిమాటగా పంచుకున్నాం, గుర్తు కోసం ఇప్పుడు రాసుకుంటున్నాం’ అని ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. కాగితం నిలవకపోయినా పట్టాదారు పాసు పుస్తకాలు ఎవరివి వారికి విడిగా ఉన్నాయా, సాగు, శిస్తు వేర్వేరుగా నడిచాయా అన్నది కోర్టు చూస్తుంది. ఆ ఆధారాలు ఇప్పుడే ఒకచోట చేర్చుకోండి.

మీరు తేలిగ్గా తీసుకున్నది చెల్లెలి సంగతి. నా దృష్టిలో మీ కేసు చిక్కంతా అక్కడే ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి నాన్నగారి స్వార్జితమైతే ముగ్గురు పిల్లలకూ సమాన వాటా వస్తుంది. పిత్రార్జితమైనా, 2005 సవరణ, 2020లో వినీతా శర్మ కేసు తీర్పు తర్వాత ఆమె లెక్క మీతో సమానమే. ఎటు చూసినా ఆమెది మూడో వంతు. ఆమె లేకుండా మీరిద్దరూ 2016లో చేసుకున్న పంపకం ఆమెను కట్టిపడేయదు. ‘నాకేమీ వద్దన్నయ్యా’ అని పండక్కి వచ్చినప్పుడు అన్న మాటతో భూమి మీద హక్కు పోదు. అందుకు ఆమె హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి, లేదా దావాలో పార్టీగా చేరి రాజీపత్రంలో సంతకం చేయాలి. ఆమెను చేర్చకుండా నడిచే భాగపంపకాల దావాకే లోపం ఉంది. ఆమె నిజంగానే వద్దంటోందా, అన్నదమ్ముల మొహం చూసి అలా అంటోందా అన్నది ఆమెతో విడిగా కూర్చుని మధ్యవర్తిని అడగనివ్వండి. అడగాల్సింది మీరు కాదు.

కోర్టు తీర్పులో దొరకనిది మధ్యవర్తి గదిలో దొరుకుతుందని మీ కేసులోనే నాకు అనిపిస్తోంది. కోర్టు మొదట వాటాలు తేల్చి ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. తర్వాత కోర్టు నియమించిన కమిషనరు సర్వేయరుతో వచ్చి కొలుస్తారు. ఆపైన తుది డిక్రీ వస్తుంది. ఇందులో ఏళ్లు గడుస్తాయి. ఎంత జాగ్రత్తగా కొలిచినా, కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఎదురుచూసే తమ్ముడి కష్టానికి అక్కడ పద్దు ఉండదు. రాజీలో మాత్రం ఉండవచ్చు. అతని మొక్కలు కాపుకొచ్చేదాకా మీ తోట దిగుబడిలో కొంత ఇస్తాననవచ్చు, బోరు నీళ్లు వంతులవారీగా వాడుకోవచ్చు, చెల్లెలికి భూమికి బదులు సొమ్ము ఇవ్వవచ్చు. ఇలాంటివి తీర్పులో రాయమని జడ్జిగారిని అడగలేం.

మాటకు భయపడొద్దన్నాను కానీ సంతకానికి మాత్రం భయపడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు కింద రాజీ డిక్రీ అయ్యాక దాని మీద అప్పీలు లేదు. దాన్ని కొట్టేయమంటూ వేరే దావా వేయడానికీ లేదు. మోసం జరిగిందంటే ఆ డిక్రీ ఇచ్చిన కోర్టుకే వెళ్లాలి. లోక్ అదాలత్ అవార్డుగా, అంటే అక్కడి తీర్పుగా రాయిస్తే అదీ అంతిమమే, అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు మాత్రం తిరిగి వస్తుంది. కాబట్టి రాజీపత్రంలో సర్వే నంబర్లు, సబ్ డివిజన్లు, ఎకరాలు సెంట్లతో విస్తీర్ణం, నాలుగు హద్దులు, తోటలోకి నడక దారి, బోరు, కరెంటు సర్వీసు ఎవరి పేరిటన్నది, సొమ్ము ఎప్పటిలోగా ఇవ్వాలన్నది అన్నీ ఉండాలి. నక్షా జతచేయండి. దావా షెడ్యూలులో, అంటే దావాకు జతచేసిన ఆస్తుల జాబితాలో ఉన్న భూమి వరకు రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మాటల్లో మాటగా షెడ్యూలులో లేని ఇంటి స్థలం కూడా కలిపితే మాత్రం కావాలి. ఈ తేడా చూసుకోక తర్వాత రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు తక్కువేమీ కాదు.

మధ్యవర్తిత్వ వాయిదాకు ముందే చెల్లెలిని పార్టీగా చేర్చమని పిటిషన్ వేయాలని మీ న్యాయవాదికి చెప్పండి. ఆమె వేరే న్యాయవాదిని పెట్టుకోవడమే మీకూ క్షేమం. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందించే ఏర్పాటు 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార కమిటీలో దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. వివరాలకు ఉచిత ఫోను నంబరు 15100.